కవర్లో డబ్బులు కాదండి, వివరాలు పెట్టండి

(రాజమహేంద్రవరంలో చిన్న వ్యాపారులతో జరిగిన సమావేశంలో మాట్లాడింది, రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాశాం)

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్ళకి వినపడుతుందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తే బావుంటుంది... ఆ, చాలు చాలు.

నేను పేపర్లో డెస్కులో పనిచేశానండి, ఇరవై ఏళ్ళ పైన, ఎక్కువ భాగం జిల్లా పేజీల దగ్గరే. డెస్క్ అంటే తెలియని వాళ్ళుంటారేమో చెప్తాను, ఊళ్ళో తిరిగి వార్త రాసేది విలేకరి, ఆయన పంపింది దిద్ది, హెడ్డింగ్ పెట్టి, పేజీలో కూర్చోబెట్టేది మేము. మా మొహాలు మీకెవరికీ కనపడవు గానీ మీ వార్త వెయ్యాలా పక్కన పడెయ్యాలా అన్నది చాలాసార్లు మా దగ్గరే తేలిపోతుంది.

ఇందాక టీ తాగేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకటే మాట అడిగారు, సార్, పేపర్లో రావాలంటే విలేకరికి ఎంతివ్వాలి అని. తప్పుగా అడిగారని అనట్లేదండి, చుట్టూ చూసింది అదే కాబట్టి అడిగారు. ప్రెస్ మీట్ అంటే ఒక టిఫిను, ఒక కవరు అని అలవాటైపోయింది. ఇవాళ నేను మాట్లాడేది కూడా కవర్ గురించే. ఆ కవర్లో డబ్బులు కాకుండా వివరాలు పెట్టి ఇస్తే ఏమవుతుంది, ఏ వివరాలు పెట్టాలి, ఎలా పెట్టాలి. దాన్నే ప్రెస్ కిట్ అంటున్నారు. పేరు పెద్దదిగా ఉంది గానీ మీ ఇంట్లో మీ ఫోన్తోనే తయారయ్యే వస్తువు.

ముందు ఒక పాత సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, కృష్ణా జిల్లా యలకుర్రులో పుట్టినాయన, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పట్లో ఆయన చేసిన పనేంటంటే సంగీత కచేరీలకి వచ్చినోళ్ళకి ఆ మందు ఊరికే పంచిపెట్టడం. తలనొప్పి తగ్గిస్తుంది అని వంద సార్లు అరిచే బదులు చేతిలో పెట్టేశారు, రాసుకుని చూసుకున్నవాడే పక్కవాడికి చెప్పాడు. తర్వాత అదే డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు, 1914కి మద్రాసులో దినపత్రికైంది. ఒకే మనిషి అటు వ్యాపారమూ చేశాడు, ఇటు పేపరూ నడిపాడు. ఈ కథ నాకెందుకు ఇష్టమంటే, సరుక్కి శాంపిల్ ఉన్నట్టే వార్తకి కూడా శాంపిల్ ఉంటుందండి. ప్రెస్ కిట్ అంటే మీ గురించి రాయబోయే వార్తకి శాంపిల్. రాసేవాడి చేతిలో పెడతారు, వాడు తిప్పి చూసి ఇందులో నాకు పనికొచ్చేది ఉంది అనుకోవాలి.

ఇప్పుడు డెస్కులో సాయంత్రం ఎలా ఉంటుందో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది. ఆరు ఏడు గంటలకి మండలాల నుంచి కాపీ వచ్చి పడుతుంది. యాక్సిడెంట్లు, ధర్నాలు, ఎమ్మెల్యే గారి ప్రారంభోత్సవం, కాలవలో నీళ్ళు రావట్లేదని రైతులు, గుళ్ళో కల్యాణం. ఒక్కో సబ్ ఎడిటర్ ముందు ముప్ఫై నలభై ఐటమ్స్ ఉంటాయి, పేజీ ఇచ్చెయ్యాల్సిన టైము తరుముతా ఉంటుంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు పెట్టిన తర్వాత మన తెలుగు పేపర్లలో ఊరి వార్తకి చోటు బాగా పెరిగింది, మిగతావాళ్ళూ అదే దారి పట్టారు, ఒకప్పుడు మాకు పేజీలు నింపడమే కష్టంగా ఉండేది. కోవిడ్ తర్వాత పేజీలు తగ్గాయి, మనుషులూ తగ్గారు. అంటే ఇప్పుడు మీ వార్తకి చోటూ తక్కువ, దాని మీద కష్టపడే మనిషికి టైమూ తక్కువ. అలాంటి టైములో మీ దగ్గర్నుంచి ఒక పీడీఎఫ్ వస్తుంది, తెరిస్తే ఫ్లెక్సీ డిజైను, మధ్యలో మీ ఫొటో, కింద నాణ్యతకు మారుపేరు, కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం అని. ఆ సబ్ ఎడిటర్ ఏం చెయ్యాలి చెప్పండి? మీకు ఫోన్ చేసి మీరెవరు, ఏం చేస్తారు, ఎప్పట్నుంచి అని అడిగేంత తీరిక లేదు. పక్కన పెట్టేస్తాడు. మీ మీద కోపం ఉండి కాదు, వెయ్యడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

దీనికి తోడు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. యాడ్ వేరు, వార్త వేరు. యాడ్ అయితే సెంటీమీటర్ల లెక్కన డబ్బు కట్టి మీకు నచ్చింది రాయించుకోవచ్చు. వార్తలో ఏముండాలో మీరు చెప్పలేరు. ఎప్పుడు వస్తుందో కూడా చెప్పలేరు. అసలు రాకపోవచ్చు. ఊరికే వచ్చేదానికి ఉన్న ఖరీదు అదేనండి, పగ్గం మీ చేతిలో ఉండదు. కానీ చదివేవాళ్ళు నమ్మేది దాన్నే. మీ గురించి మీరు చెప్పుకుంటే ఒకలా వింటారు, మీతో ఏ లావాదేవీ లేని మనిషి చెప్తే ఇంకోలా వింటారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ముందు వరసలో అమ్మ ఒకావిడ ఉన్నారు, ఆత్రేయపురం వైపు నుంచి వచ్చారు, పూతరేకులు చేస్తారు. పేరు చెప్పన్లెండమ్మా, రికార్డ్ అవుతుంది. ఆవిడ ఇందాక నాకొక ప్రెస్ నోట్ చూపించారు, ఎవరో డీటీపీ షాపులో రాయించారంట. అందులో మొదటి వాక్యం ఏంటంటే, అత్యంత నాణ్యమైన, రుచికరమైన, స్వచ్ఛమైన నేతితో తయారుచేసిన పూతరేకులకు ఏకైక చిరునామా. ఏవండీ, ఈ వాక్యంలో పూతరేకులు అన్న మాట తీసేసి మినపసున్నుండలు అని పెట్టండి, సరిపోతుందా? సరిపోతుంది. కాజాలు పెట్టండి. అదీ సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పట్లేదన్నమాట. ప్రెస్ నోట్ రాశాక మీరు పెట్టుకోవాల్సిన పరీక్ష ఇదే, మీ పేరు తీసి పక్కవీధి వాళ్ళ పేరు పెట్టండి, అప్పటికీ నిజంగానే ఉంటే ఆ వాక్యం కొట్టెయ్యండి.

తర్వాత నేను ఆవిణ్ణి ఊరికే మాటల్లో అడిగాను. అమ్మా, రేకు ఎలా తీస్తారు? ఆవిడ చెప్పడం మొదలెట్టారు, కుండ బోర్లించి పెడతాం, కింద ఎండు కొబ్బరాకులతో మంట, జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి పాలలా పల్చగా చేసుకుంటాం, గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి ఇటు నుంచి అటు లాగితే రేకు వచ్చేస్తుంది, మంట ఎక్కువైతే మాడుద్ది, తక్కువైతే లేవదు, ఆ సెగ చేతికే తెలుస్తది అన్నారు. ఎవరు నేర్పారమ్మా అంటే మా అత్తగారు, మొదటి నెలంతా నాకు రేకే లేవలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చేది, ఏడ్చేదాన్ని అన్నారు. నాకు ఒళ్ళు పులకరించిందండి. ఆ డీటీపీ కాయితంలో ఇందులో ఒక్క ముక్క లేదు! చేతికి తెలిసే సెగ, నెల రోజులు లేవని రేకు, ఇదే వార్త. ఇది ఇంకెవరికీ సరిపోదు, ఆవిడకే సరిపోతుంది. మీలో చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే, నోటితో బంగారం లాంటి మాట చెప్తారు, కాయితం మీదకి వచ్చేసరికి అది తీసేసి నాణ్యత అని రాస్తారు.

అందుకని కిట్లో మొదటి కాయితం ఒక్క పేజీ ప్రెస్ నోట్. ఒక్క పేజీనే. పైన తేదీ, ఊరు. మొదటి రెండు వాక్యాల్లో ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, ఇప్పుడే ఎందుకు చెప్తున్నారు, ఇవి వచ్చెయ్యాలి, ఎందుకంటే పేజీలో చోటు చాలకపోతే మేము కింద నుంచి కోస్తాం, పై నుంచి కొయ్యం. మీ అసలు విషయం ఆఖరి పేరాలో దాచుకుంటే ముందు పోయేది అదే. మధ్యలో మీరు మాట్లాడినట్టు ఒకటి రెండు వాక్యాలు పెట్టండి, నిజంగా మీరు మాట్లాడే భాషలో, ఇందాక అమ్మ చెప్పినట్టు. కింద ఫోన్ నంబర్. ఆ నంబరు ఎత్తే మనిషిదై ఉండాలి. దాని మీద నేను చాలా బాధపడ్డ సందర్భాలున్నాయి, మంచి వార్త చేతిలో ఉంది, ఒక్క చిన్న విషయం తేల్చుకుంటే పేజీలో పైన పెట్టొచ్చు, ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్, ఇంక ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టాల్సొచ్చేది.

ఇప్పుడే ఎందుకు అన్నాను చూశారా, అది పెద్ద విషయం. మీరు ఎప్పట్నుంచో పూతరేకులు చేస్తున్నారు, మంచిదే, మరి ఈ వారమే ఎందుకు రాయాలి? దానికో పట్టు కావాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది, అంటే భౌగోళిక గుర్తింపు, ఆ నెలంతా విలేకరులందరూ ఆ ఊళ్ళోనే తిరిగారు, ఎవరి దగ్గర ఫొటోలూ వివరాలూ రెడీగా ఉన్నాయో వాళ్ళే పేపర్లో కనపడ్డారు. ఉప్పాడ జాందానీకి అంతకు చాలా ముందే వచ్చింది, 2009లో. ఉప్పాడ నేత పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ, ఉన్నారు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి జరుపుతున్నారు, 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన తేదీ అది. ఆ రోజుకి ప్రతి పేపరూ నేత మీద ఏదో ఒకటి వెయ్యాలి, అంటే విలేకరి మిమ్మల్ని వెతుక్కుంటూ తిరిగే రోజు. మీరు ఆగస్టు 6 సాయంత్రం పంపిస్తే లాభం లేదు. జిల్లా పేజీకైతే నాలుగైదు రోజుల ముందు చాలు గానీ వసుంధర, నవ్య, ఫ్యామిలీ ఇలాంటి ఫీచర్ పేజీల వాళ్ళకి నెల ముందు పంపండి, వాళ్ళు ముందుగా రాసి పెట్టుకుంటారు. మార్చి 8 మహిళా దినోత్సవానికీ ఇదే లెక్క, ఫిబ్రవరి మొదటి వారంలోనే మీ కిట్ వాళ్ళ దగ్గరుండాలి. ఎండాకాలంలో ఆవకాయ, మామిడి తాండ్ర, సంక్రాంతికి పిండివంటలు. పండగ ఎలాగూ వస్తుందని మీకు తెలుసు, వాళ్ళకీ తెలుసు, ముందు ఎవరు అందించారన్నదే తేడా.

రెండో కాయితం మీ వ్యాపారం పూర్వాపరాలు. ఎప్పుడు మొదలైంది, ఎంతమంది పనిచేస్తున్నారు, రోజుకి ఎంత చేస్తారు, ఎక్కడికి పంపుతారు, సరుకు ఎక్కణ్ణుంచి తెస్తారు. అంకెలు వెయ్యండి, కానీ మీ పుస్తకంలో ఉన్న అంకెలే వెయ్యండి. విలేకరి అడిగితే చూపించగలగాలి. టర్నోవర్ చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి, ఎంతమందికి పని దొరికిందో చెప్పండి, నాకడిగితే అదే మంచి అంకె.

ఫొటోల దగ్గర కొంచెం ఆగుతానండి, ఎందుకంటే చాలా వార్తలు ఫొటో వల్ల పడతాయి, ఫొటో లేక పోతాయి. మీరంతా పంపేది ఏంటంటే, షాపు ముందు వరసగా నిలబడి దండలతో ఒక ఫొటో. లేకపోతే ప్యాకెట్ ఫొటో. ప్యాకెట్ ఫొటో యాడ్‌కి పనికొస్తుంది, వార్తకి పనికిరాదు. మాకు కావాల్సింది చెయ్యి పనిలో ఉన్న ఫొటో. కుండ మీద గుడ్డ లాగుతున్న చెయ్యి, పైకి లేస్తున్న రేకు, దాని గుండా అవతల వెలుతురు కనపడటం, పొద్దున్న పూట వాకిట్లో వెలుగుండగా తియ్యండి, ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు వద్దు, మీ లోగో ఫొటో మీద అచ్చెయ్యద్దు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉండాలి, పేజీలో ఏ చోటు ఖాళీ ఉంటుందో మాకే ముందు తెలియదు. ఇంకా ముఖ్యం, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పిండేసినట్టు చిన్నదైపోతుంది, పేపర్లో వేస్తే మసక మసకగా వస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్లో పెట్టండి. డ్రైవ్ లింక్ పంపేవాళ్ళు అది అందరికీ తెరుచుకునేలా పెట్టండి, రాత్రి తొమ్మిదింటికి మేము లింక్ నొక్కితే అనుమతి అడగండి అని వస్తుంది, ఆ అనుమతి మీరు పొద్దున్న లేచాక ఇస్తారు, అప్పటికి పేపర్ ఇంటింటికీ వెళ్ళిపోయి ఉంటుంది. ప్రతి ఫొటోకీ కింద రెండు ముక్కలు రాయండి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఎక్కడ. ఫొటోలో ఉన్న ఆడవాళ్ళని ముందే అడగండి, అమ్మా పేపర్లో వస్తుంది, పర్వాలేదా అని. మీ దగ్గర పనికొచ్చారని వాళ్ళ మొహం ఊరంతా చూపించే హక్కు మనకి రాదు కదండీ. డబ్బిచ్చి స్టూడియో ఆయనతో తీయించుకుంటే పేపర్లకి ఇచ్చుకోవచ్చని ఆయన దగ్గర ఒక మాట రాయించుకోండి.

ఫాంట్ గురించి కూడా చెప్పాలి, చిన్న విషయంలా ఉంటుంది గానీ దీనివల్ల పోయిన వార్తలు లెక్కలేనన్ని. డీటీపీ షాపులో అనూ ఫాంట్లో కొట్టించి పీడీఎఫ్ చేసి పంపుతారు. మేము దాంట్లోంచి కాపీ చేసుకుంటే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోతాయి. అంటే మళ్ళీ మొదట్నుంచి టైప్ చెయ్యాలి. ఆ టైములో ఎవరు చేస్తారండి? మీ ఫోన్లో తెలుగు కీబోర్డ్ ఉంటుంది, అందులో కొట్టేదే యూనికోడ్, నేరుగా మెసేజ్‌లోనే, మెయిల్లోనే మొత్తం నోట్ పెట్టండి. చూడ్డానికి అందంగా ఉండక్కర్లేదు, కాపీ అయితే చాలు. మీ బ్రాండ్ పేరు తెలుగులో ఒక్కలాగే రాయండి, ఒకచోట దీర్ఘం, ఒకచోట హ్రస్వం పెడితే మేము ఏదో ఒకటి వేస్తాం, అది తప్పై కూర్చుంటుంది.

ఇప్పుడు కొంచెం బరువైన విషయం. మొదటి, ఏకైక, నంబర్ వన్, ఈ మూడు మాటలతో నాకు జరిగింది చెప్తాను. నేను డెస్కులో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక ప్రెస్ నోట్ వచ్చింది, జిల్లాలోనే తొలిసారిగా ఒకావిడ ఫలానా యూనిట్ పెట్టారని. బావుంది, వేశాం, హెడ్డింగ్‌లో కూడా తొలిసారి అని నేనే పెట్టాను. పొద్దున్నే ఆఫీసుకి ఫోన్, ఇంకో ఊరి నుంచి ఒక పెద్దావిడ, గొంతు వణుకుతోంది, బాబూ, నేను పదకొండేళ్ళ నుంచి అదే పని చేస్తున్నాను, అప్పు చేసి పెట్టాను, మరి నేనెవర్ని అని అడిగారు. నాకు నోట మాట రాలేదండి. మర్నాడు సవరణ వేశాం, చిన్న ముక్క, లోపలి పేజీలో, ఎంతమంది చూసుంటారు? ఆ తర్వాత నా చేతిలోకి వచ్చిన ఏ నోట్‌లో తొలిసారి అని కనపడినా కొట్టేశాను. మీ కిట్‌లో ఆ మాటలు పెట్టకండి. నిజంగానే మొదటివాళ్ళైతే దానికి ఆధారం కూడా జతచెయ్యండి.

అలాగే రోగాల మాట ఎత్తకండి. బెల్లం పూతరేకులు, చిరుధాన్యాల బిస్కెట్లు చేసేవాళ్ళు ఎంతోమంది షుగర్ ఉన్నవాళ్ళు నిర్భయంగా తినొచ్చు, షుగర్ తగ్గుతుంది అని రాసేస్తున్నారు. 1954 నాటి చట్టం ఒకటుంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, అందులో ఉన్న జబ్బుల జాబితాలో మధుమేహం కూడా ఉంది, దాన్ని నయం చేస్తామని ప్రచారం చేసుకోకూడదు. ఆహార పదార్థాల మీద ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018లో నిబంధనలు కూడా పెట్టింది. చట్టం సంగతి అటుంచండి, మీ మాట నమ్మి ఒక పెద్దాయన మందు మానేసి బెల్లం తింటే? నేను దానికి ఒప్పుకోను. మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, 14 అంకెలది, అది కిట్‌లో పెట్టండి, అదే గౌరవం.

జీఐ దగ్గర కూడా జాగ్రత్త. ఊరికి జీఐ వచ్చినంత మాత్రాన ఆ ఊళ్ళో ఉన్న ప్రతివాళ్ళూ ఆ గుర్తు వేసుకోడానికి లేదు, అధీకృత వినియోగదారుగా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి. నమోదైతే ఆ సర్టిఫికెట్ కాపీ కిట్‌లో పెట్టండి. ఇంకా కాకపోతే మా ఊరి పూతరేకులకి జీఐ వచ్చింది అని రాయండి, అది నిజం. మాకు జీఐ వచ్చింది అని రాయకండి.

సరే, కిట్ రెడీ అయింది, ఎవరికివ్వాలి? ముందు మీ మండలంలో వార్తలు రాసి పంపే కంట్రిబ్యూటర్‌కి. వాళ్ళ గురించి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. వాళ్ళలో చాలామందికి జీతం ఉండదు, రాసిన లైన్ల లెక్కన ఏదో కొంచెం వస్తుంది, దానికి తోడు యాడ్స్ తెమ్మని మెడ మీద కత్తి. ఎండలో బండి మీద తిరిగి మీ ఇంటికొస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పనంతా ఓపిగ్గా చూపించండి. పూతరేకు ఒకటి పెట్టండి, ఏం తప్పు లేదు, ఏం రాస్తున్నాడో రుచి చూడాలి కదా. డబ్బులు మాత్రం వద్దు. ఒకసారి ఇచ్చారంటే మీ వార్తకి రేటు కట్టేసినట్టే, ఇంక మీ దగ్గర ఎంత నిజమైన విషయం ఉన్నా ఊరికే రాదు. 2009 ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్ అని పెద్ద గొడవై ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చింది, అప్పట్నుంచి చదివేవాళ్ళకి కూడా అనుమానం పెరిగింది, ఏది వార్తో ఏది కొన్నదో చూస్తున్నారు. ఎవరైనా అడిగితే, గొడవపడకండి, మా దగ్గర ఇవ్వడానికి వివరాలే ఉన్నాయండి అని చెప్పి అదే కిట్ జిల్లా ఆఫీసుకీ, ఫీచర్ డెస్క్‌కీ మెయిల్ చెయ్యండి.

ఒకే మెయిల్ నలభై మందికి, అందరి అడ్రసులూ కనపడేలా పంపకండి. విడివిడిగా పంపండి, ఆ పేజీ మీరు చదువుతారని తెలిసేలా ఒక వాక్యం రాయండి. ఫోన్ చెయ్యాలంటే పదకొండు పన్నెండు మధ్యలో, సాయంత్రం ఆరు తర్వాత వద్దు. ఒకసారి గుర్తు చెయ్యండి, రెండోసారికి వదిలెయ్యండి, ఇంకో సందర్భానికి కొత్త విషయంతో వెళ్ళండి. రేడియోని కూడా మర్చిపోకండి, ఆకాశవాణిలో రైతుల కార్యక్రమాలు, మహిళల కార్యక్రమాలు ఇప్పటికీ వినేవాళ్ళున్నారు. యూట్యూబ్ వాళ్ళు వస్తే ముందే తేల్చుకోండి, ఊరికే చేస్తున్నారా, డబ్బు తీసుకుని చేస్తున్నారా అని. డబ్బిస్తే అది యాడే, ఆ సంగతి వీడియోలో చెప్పాలని 2021లో యాస్కీ, అంటే ప్రకటనల ప్రమాణాల మండలి, మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాకి పంపేవాళ్ళు అక్కడి తెలుగు సంఘాల పత్రికలకి కూడా ఇదే కిట్ పంపొచ్చు, ఊరి మీద బెంగతో చదివేవాళ్ళు వాళ్ళు.

వార్త వచ్చిన రోజు ఏం జరుగుతుందో కూడా ఆలోచించుకోండి. పొద్దున్న ఆరింటి నుంచి ఫోన్లు మోగుతాయి. ఒకాయన హైదరాబాద్ నుంచి, ఒకావిడ బెంగళూరు నుంచి, కొరియర్ చేస్తారా, ఎంత అని. ఎత్తే మనిషి ఉండాలి, రేటు చెప్పగలగాలి, ఇన్నే చెయ్యగలం, పది రోజులు పడుతుంది అని నిజం చెప్పాలి. ఆ ఊపులో ఒప్పేసుకుని విరిగిపోయిన రేకులు పంపిస్తే వచ్చిన పేరు అదే వారంలో పోతుంది.

(ఒకరు: సార్, మరి చెడ్డగా రాస్తే? ఏదైనా కంప్లైంట్ వచ్చి?)

మంచి ప్రశ్న అడిగారండి. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు ఒకటి వంతెన మీంచి నీళ్ళలో పడిపోయింది, యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా కంపెనీలన్నీ యాక్సిడెంట్ అయితే దాచేవి. ఆ కంపెనీకి ప్రచారం పని చూసే ఐవీ లీ అనే ఆయన జరిగిన వివరాలన్నీ ఒక కాయితం మీద రాసి పేపర్లకి ఇచ్చాడు, విలేకరుల్ని అక్కడికి తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేశాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ కాయితాన్ని ఉన్నదున్నట్టు వేసింది. మొట్టమొదటి ప్రెస్ నోట్ అదే అని చెప్తారు. చూశారా, ఈ పద్ధతి పుట్టిందే చెడ్డ కబురు దగ్గర. మీ సరుకులో పొరపాటు జరిగితే ఫోన్ కట్టేసి కూర్చోకండి. ఏ బ్యాచ్‌లో జరిగింది, ఎన్ని వెనక్కి తీసుకున్నారు, ఏం మార్చారు, అదే రోజు రాసి ఇవ్వండి. మీరు ఇవ్వకపోతే ఎవరో చెప్పింది వేస్తారు.

(ఇంకొకరు: మాది కడియపులంకలో నర్సరీ అండి. అక్కడ వందల నర్సరీలున్నాయి. మా గురించి ప్రత్యేకంగా ఏం రాస్తారు?)

అవునండి, కడియం నర్సరీలు అని ఇప్పటికే ఎంతో రాశారు, రంగురంగుల పూల ఫొటోలు ప్రతి జనవరికీ వస్తాయి. మీరు నాకో సంగతి చెప్పండి, మీ దగ్గర ఏ మొక్క బతికించడం కష్టం? ... ఆ, చూశారా, నాన్నగారు అంటు కట్టిన పద్ధతి వేరు అంటున్నారు. ఎలా వేరు? ... మీ నాన్నగారికి ఎన్నేళ్ళు? ఇప్పటికీ ఆయనే కడతారా? ఏవండీ, ఇది రాయండి. ఆయన చేతులు దగ్గర్నుంచి ఫొటో తియ్యండి, కత్తి పట్టుకున్న వేళ్ళు కనపడేలా. వందల నర్సరీలు ఉండొచ్చు గానీ ఆ చేతులు మీ తోటలోనే ఉన్నాయి.

టైమ్ ఎంతైంది? ఇంకో ఇరవై నిమిషాలుందంట. అయితే ఇంక నేను మాట్లాడను, ఫోన్లు తియ్యండి. మెసేజ్ తెరిచి తెలుగులో మీ వ్యాపారం గురించి ఒక్క వాక్యం కొట్టండి, పక్కవాళ్ళ పేరు పెడితే సరిపోని వాక్యం. నాణ్యత అన్న మాట వాడకుండా. అమ్మా, ముందు మీరే. మీకు టైప్ చెయ్యడం రాకపోతే మీ అబ్బాయి కొడతాడు, మీరు చెప్పండి... ఏం రాశారు బాబూ, గట్టిగా చదువు, వెనకాల వాళ్ళకి కూడా వినపడాలి.

"మా అత్తయ్య చేతికి తెలిసిన సెగ నా చేతికి రావడానికి నెల పట్టింది."

ఆ. దీని కింద ఊరు పేరు, తేదీ వెయ్యి బాబూ. తర్వాత ఎవరు?